మునావర్ భాయ్ రాయని ఒక్క మాట

మా కోరుట్ల విలేకరి మునావర్ భాయ్ జన్మలో రాయని మాట ఒకటుంది: ‘తదితరులు’. ఏ సభ వార్తయినా నాలుగు పేర్లు వేసి, ‘తదితరులు పాల్గొన్నారు’ అని ముగించడం విలేకరులందరి అలవాటు. ఆయన మాత్రం వేదిక మీదివాళ్ల నుంచి జంపఖానా పరిచినవాడి దాకా ప్రతి పేరూ ఊరితో సహా రాసేవాడు.

“వార్త పంపినవా, ఓటర్ల లిస్టు పంపినవా?” అని పేపర్ ఆఫీసు డెస్కువాళ్లు ఫోన్లో అరిచేవారు.

“ఎవల్ని తీసెయ్యమంటరు సార్? అందరు అచ్చిండ్రు గద!”

డెస్కు తీసేసేది. మర్నాడు పేపర్ చూసి భాయ్ అన్నం మానేసేవాడు.

నేను నడిపే ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఊరి పేరుతో ఫేస్‌బుక్ పేజీ మొదలుపెట్టాను. “భాయ్, గీడ జాగకు కరువు లేదు. ఎన్ని పేర్లన్న రాయి” అంటే, “గాలిల రాసుడు గూడ రాసుడేనా వేణూ?” అని వెక్కిరించేవాడు.

సకల జనుల సమ్మె రోజులవి. ఒక పొద్దున రాస్తారోకో చేస్తున్నవాళ్లను పోలీసులు వ్యాన్లలో ఎక్కించుకుపోయారు. వార్త కోసం వెళ్లిన భాయ్‌ని కూడా వదల్లేదు. జగిత్యాల అన్నారొకరు, సిరిసిల్ల అన్నారింకొకరు. మధ్యాహ్నానికి, లాఠీ దెబ్బలకు ఇద్దరు పోయారని పుకారు. టీవీలో మాత్రం ‘పలువురి అరెస్టు’ అని ఒకే ముక్క తిరుగుతోంది. మా సెంటర్ ముందు జనం పోగయ్యారు. పెగడపల్లి నుంచి వచ్చిన బుచ్చవ్వ నా చెయ్యి వదలడం లేదు.

“కొడుకా, గా పలువురిల మా హన్మంతు ఉన్నడా?”



మూడింటికి నా ఫోన్ మోగింది. మేజోడులో దాచిన ఫోన్ నుంచట, భాయ్ మెసేజ్! “సిరిసిల్లల ఫంక్షన్ హాల్ల పెట్టిండ్రు. గాలిల రాయి.”

ఇక వరద. “1. జలపతి, గొల్లపల్లి. మంచిగున్నడు. 2. చంద్రమౌళి, కోరుట్ల. మోచెయ్యి గీరుకున్నది...” వచ్చింది వచ్చినట్టు పేజీలో పెట్టాను. దుబాయ్‌లో ఉన్న తండ్రులు కూడా కింద కామెంట్లలో తమ పిల్లల గురించి అడగడం మొదలుపెట్టారు. నలభై ఒకటోది: “హన్మంతు, పెగడపల్లి. చెప్పు తెగింది. అవ్వకు చెప్పుమన్నడు.”

“తెగితే తెగనియ్యి!” అంటూ బుచ్చవ్వ అక్కడే కూలబడి ఏడుస్తూ నవ్వింది.

అరవై మూడు పేర్లతో మెసేజ్‌లు ఆగిపోయాయి. భాయ్ పేరు లేదు.

“వేణూ, మరి మీ భాయ్ ఏడి?” భాయ్ భార్య ఫిర్దోస్ భాభీ మెల్లగా అడిగింది.

ఎవరినీ వదలని మనిషి తన పేరు రాయలేదంటే, ఫోన్ లాక్కున్నారా? కొట్టారా? ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్.  పది నిమిషాలకు వచ్చింది చివరిది.

“64. తదితరులు, కోరుట్ల. మంచిగున్నడు. ఆకలైతాంది.”

భాభీ దుపట్టా నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. “ఊరందరి పేర్లు యాదికున్నయ్, గాయన పేరే లేదు. నువ్వన్న రాయి!”

‘మునావర్, విలేకరి, కోరుట్ల. ఆకలితో ఉన్నాడు’ అని దిద్ది పెట్టాను. గంటలో సిరిసిల్లవాళ్లెవరో పేజీ చూసి, సరిగ్గా అరవై నాలుగు అన్నం పొట్లాలు హాలుకు పట్టుకుపోయారు.

సాయంత్రం నా ఫోన్ మళ్లీ మోగడం మొదలుపెట్టింది. పొట్లాలు తెచ్చినవాళ్ల పేర్లు, ఊళ్లతో సహా.