విస్తరి మీద అడ్డం పెట్టిన చెయ్యి

నేను భోక్తని. అంటే, తద్దినం పెట్టే ఇంట్లో పితృస్థానంలో కూర్చుని, పోయిన పెద్దాయన తరఫున కడుపునిండా తినేవాణ్ణి. మంత్రాలూ వచ్చు, చిన్నా చితకా పౌరోహిత్యమూ చేస్తాను. కానీ గుంటూరులో నాకు పేరు తెచ్చింది మాత్రం నా పొట్టే. తినడం కూడా ఒక పనేనా అని వెక్కిరించేవాళ్ళు మాలోనే బోలెడుమంది. వాళ్ళని ఒక్కసారి ఆ పీట మీద కూర్చోమనండి. ఆ గారెలూ, ఆ నువ్వుండలూ, ఆ పరమాన్నమూ, పెట్టినవాళ్ళ మనసు నొచ్చుకోకుండా తిని లేవమనండి. అప్పుడు తెలుస్తుంది. నేను తింటుంటే ఇంటివాళ్ళ కళ్ళు చెమర్చేవి. "నాన్న తృప్తిగా తిన్నాడు" అనుకుని, అప్పుడు వాళ్ళు విస్తళ్ళు వేసుకునేవారు. ఆ మాట వింటే నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది, ఏం చేస్తాం.

అలాంటివాణ్ణి ఆపరేషన్ చేయించుకుని పొట్ట చిన్నది చేయించుకున్నాను.

సరదాకి కాదు. సుగరు ఇంజెక్షన్ల దాకా వచ్చింది. మోకాళ్ళు పీట మీద కూర్చోనిచ్చేవి కావు, కూర్చుంటే లేవనిచ్చేవి కావు. ఒక ఇంట్లో నన్ను లేపడానికి చెరో రెక్కా పట్టుకుని ఇద్దరు లాగాల్సి వచ్చింది. నిద్రలో ఊపిరి ఆగిపోతుండేది. మా ఆవిడ మేలుకుని ఉండి, గురక ఆగినప్పుడల్లా నన్ను పొడిచి లేపేది. "మీరు గురక పెడుతుంటేనే నాకు ధైర్యం" అని ఒకనాడు ఏడ్చేసింది. దాంతో ఒప్పుకున్నాను. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి, ఇకమీదట మీ పొట్ట ఇంతే ఉంటుందని తన బొటనవేలు చూపించాడు. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత చాలాకాలం నవ్వు రాలేదు.

మొదట నీళ్ళలాంటి చారు, తర్వాత మెత్తగా మెదిపినవి, ఆ తర్వాత కాస్త పప్పన్నం. మా ఆవిడ అటక మీది నుంచి మా అమ్మాయి ఉగ్గుగిన్నె దింపింది. ఏభై దాటిన మనిషిని, దాని ముందు కూర్చుని ఒక్కో మెతుకూ నూరినట్టు నమిలి మింగేవాణ్ణి. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు. ఒక్క చెంచా ఎక్కువైతే రొమ్ము నడుమ రాయి అడ్డం పడ్డట్టుంటుంది, నోట్లో నురగ ఊరుతుంది, ఆ వెంటనే పెరట్లోకి పరుగు. తీపి తింటే ఇంకో రకం శిక్ష. ఒళ్ళంతా చెమటలు, గుండె దడదడ, కాళ్ళలో వణుకు. ఎక్కడుంటే అక్కడ పడుకోవాల్సిందే. సుగరు తగ్గింది, మోకాళ్ళు తేలికపడ్డాయి, గురక పోయింది. అంతా మంచికే అన్నారు అందరూ. నేనూ తలూపాను.

ఆకలి కూడా పోయిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. గడియారం చూసి తినడమే. పొట్టకి ఆకలి లేదు గానీ నోటికి మాత్రం అన్నీ కావాలి. మాఘమాసం వస్తే మా ఇంట్లో పండుమిరపకాయల పచ్చడి పడుతుంది. ఇంగువ పోపు వాసనకి నోట్లో నీళ్ళు తిరుగుతాయి, ఎదుట ఉగ్గుగిన్నె ఉంటుంది. నోరు పాతది, పొట్ట కొత్తది, మధ్యలో నేను ఇరుక్కుపోయాను. మా ఆవిడ నా ఎదుట తినడం మానేసింది. నేను వీధి అరుగు మీదికి వెళ్ళాక వంటింట్లో నిలబడే నాలుగు ముద్దలు తినేసేది. పచ్చడి జాడీ మూత చప్పుడు నాకు వినపడేది. "నేనేమన్నా నీ కంచంలో చెయ్యి పెడతానా? దొంగతిండి దేనికి?" అని అరిచాను ఒకరోజు.

"మీరు చూస్తుంటే నాకు దిగదండీ" అంది.

తద్దినాలకి వెళ్ళడం మానుకున్నాను. అడిగినవాళ్ళకి ఒంట్లో బాగాలేదన్నాను. అసలు సంగతి తెలిసిన బయటివాడు ఒక్కడే, నా చిన్ననాటి స్నేహితుడు, పురోహితుడు. మిరపకాయల లారీలు యార్డు ముందు బారులు తీరి, ఊళ్ళో ప్రతివాడూ తుమ్ముతున్న రోజుల్లో అతను ఫోన్ చేశాడు.

"ఒరేయ్, బ్రాడీపేట వాళ్ళ తద్దినం ఎల్లుండి. పితృస్థానానికి ఒప్పుకున్నాయనకి మైల వచ్చిపడింది. నువ్వు రావాలి."

"నీకు మతిపోయిందా? గిన్నెడు కూడా తినలేను నేను."

"భోక్తలు ఎక్కడ దొరుకుతున్నార్రా ఈ రోజుల్లో? పైగా ఆ పెద్దావిడ నీ గురించే అడుగుతోంది. పోయినేడు నువ్వు రాలేదని ఎంత బాధపడిందో. కొంచెం కొంచెమే వడ్డించమని నేను చెబుతాలే."

"అయితే ఆపరేషన్ సంగతి కూడా చెప్పెయ్యి."

"చెబితే నిన్ను కూర్చోబెట్టరు. మనిషి దొరక్క ఆవిడ ఏడుస్తూ కూర్చుంటుంది. నోరు మూసుకుని రా."

నోరు మూసుకోవడం మా పనిలో భాగమే. విస్తరి ముందు కూర్చున్నాక భోక్త మాట్లాడకూడదు. వంట బాగుందనీ అనకూడదు, బాగాలేదనీ అనకూడదు. మధ్యలో లేవకూడదు. అన్నిటికన్నా పెద్ద భయం ఇంకొకటుంది. భోక్తకి వాంతి అయితే ఆ తద్దినం చెడిపోయినట్టే, మళ్ళీ పెట్టుకోవాలి. మా ఆవిడ ఈ సంగతే గుర్తుచేసింది. "తెలిసి తెలిసి ఎందుకు వెళ్తున్నారు?" అంది. నా దగ్గర ఒక్కటే జవాబుంది. ఆ పెద్దావిడ అడిగిందట.

ఆ ఇంటి పెద్దాయన పోయిన మొదటి ఏడాది నుంచీ ఆయన స్థానంలో నేనే కూర్చున్నాను. ఆయన భార్యని నేను అమ్మగారూ అని పిలుస్తాను. నేను తిన్నంతసేపూ ఆవిడ వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి చూసేది. ఒక ఏడు పరమాన్నం ఇక చాలని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆవిడ ఫక్కున నవ్వింది. "ఆయనా అంతే! చెయ్యి అడ్డం పెట్టారంటే ఇంకో గరిటె వెయ్యమని అర్థం" అంది. కొడుకు నా వేళ్ళ సందుల్లోంచే పోశాడు. తినేశాను. ఇక ఏటా అదే వరస. నేను కావాలనే చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి, ఆవిడ నవ్వేది, గరిటె పడేది. తద్దినం నాడు ఆ ఇంట్లో నవ్వు వినపడేది అప్పుడొక్కసారే.

ఆరోజు కర్త, అంటే ఆవిడ కొడుకు, కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనాయన, నా కాళ్ళు కడుగుతూ తలెత్తి చూశాడు. "బాగా చిక్కిపోయారండీ" అన్నాడు. నేను నవ్వి పంచె సర్దుకున్నాను. పంచె జారకుండా మా ఆవిడ మొలతాడు బిగించి కట్టి పంపింది, దాని మీదే నా ధ్యాసంతా. గుమ్మంలో అమ్మగారు నన్ను కిందికీ పైకీ చూసింది. ఆవిడ ముఖంలో ఏమీ కనపడలేదు.

కొంచెం కొంచెమే అని పురోహితుడు చెబుతూనే ఉన్నా విస్తరి నిండింది. పెసరపప్పు, అరటికాయ కూర, కరివేపాకు పచ్చడి, అల్లం పచ్చడి, గారెలు, అప్పాలు, నువ్వుండలు, పరమాన్నం. కారానికి మిరియాలే. మిరపకాయ తద్దినం వంటలోకి రాదు. కర్త నా బొటనవేలు పట్టుకుని వంటకాలకి తాకిస్తూ మంత్రం చెబుతున్నాడు. డాక్టరు చూపించిన కొలత నాకు గుర్తొచ్చింది. ఆపోశనం పట్టి, నెయ్యి కలిపిన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

నములుతూనే ఉన్నాను. ఎదుట విశ్వేదేవుల స్థానంలో కూర్చున్న రెండో భోక్త హాయిగా తింటున్నాడు. నా పక్కన పురోహితుడు మంత్రాలు చదువుతూ, నా విస్తరి చూస్తూ, చదవడం అంతకంతకూ నెమ్మది చేశాడు. పొద్దుటి నుంచి ఆ ఇంట్లో కాఫీ కూడా ఎవరి నోటా పడలేదు. నేను లేస్తేనే వాళ్ళకి భోజనం. నాలుగో ముద్దకే రొమ్ములో బరువు మొదలైంది. లేవలేను, చెప్పలేను, తినలేను. పంచభక్ష్యాలు ముందు పెట్టి నన్ను కొట్లో వేసి తాళం పెట్టినట్టుంది. గారె చిదిపి ఆకు మీద అటూ ఇటూ జరిపాను, తిన్నట్టు కనపడాలని. చిన్నప్పుడు కాకరకాయ కూరతో చేసిన పనే.

కొడుకు పరమాన్నం గిన్నెతో వచ్చాడు.

చెయ్యి అడ్డం పెట్టాను. ఈసారి నిజంగా పెట్టాను, రెండు చేతులూ పెట్టాను. కర్త నవ్వాడు. తల్లి కేసి తిరిగి "చూశావా అమ్మా, మొదలుపెట్టారు" అన్నాడు. గరిటె నా వేళ్ళ సందుల్లోంచి విస్తరిలోకి జారింది, వేడిగా, బెల్లం వాసనతో. పురోహితుడు మంత్రం మధ్యలో గట్టిగా దగ్గాడు. ఎవరికీ అర్థం కాలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. ఆవిడా చూస్తోంది. ఆ నవ్వు కోసమే కదా వచ్చానని, ఒక్క వేలికి అంటినంత నాకాను. ఆవిడ నవ్వలేదు. చాల్లేదేమోనని ఇంకాస్త తిన్నాను. అక్కడే చెడింది నా పని.

ముందు చెవులు వేడెక్కాయి. తర్వాత వీపు మీద నుంచి చెమట కాలువ కట్టింది. గుండె గొంతులో కొట్టుకుంటోంది. నోట్లో నురగ ఊరడం మొదలైంది. దాన్ని మింగుతున్నాను, అది మళ్ళీ ఊరుతోంది. అప్పుడే పక్క డాబా మీద ఎవరో ఎండు మిరపకాయల కుప్ప తిరగేసినట్టున్నారు, ఘాటు గుప్పున వచ్చింది. దగ్గితే అంతా బయటికి వస్తుంది. ఆయన తద్దినం నా వల్ల చెడుతుంది. పళ్ళు బిగబట్టి, పీట అంచు పట్టుకుని, కళ్ళు మూసుకున్నాను. దేవుణ్ణి తలుచుకోలేదు. ఆ పెద్దాయన్నే తలుచుకున్నాను. బాబూ, మీరే కాస్త సాయం పట్టండి, ఈ పూటకి దాన్ని లోపలే ఉంచండి అని.

"ఆపరా" అంది అమ్మగారు.

కళ్ళు తెరిచాను. ఆవిడ గుమ్మం వదిలి గది మధ్యకి వచ్చేసింది. "గరిటె కింద పెట్టు. ఆయన్ని బలవంతం చెయ్యకు. అడగవలసింది అడుగు."

పురోహితుడు వెంటనే అందుకున్నాడు. కర్త చేతులు జోడించి, తృప్తి అయిందా అని మంత్రంలో అడిగాడు. అయిందని నేను చెప్పాలి. అంత చిన్న మాట చెప్పడానికి గొంతులో దారి లేదు. ఊపిరి తీసి, మింగి, మళ్ళీ మింగి, ఎట్లాగో చెప్పాను. మిగిలిన అన్నం ఏం చెయ్యమంటారని ఆయన అడిగాడు. మీ ఇష్టులతో కలిసి తినండని, ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పాను. తద్దినం చెడలేదు. తాంబూలం అయ్యేదాకా ఓర్చుకుని, అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూలబడ్డాను.

కాసేపటికి అమ్మగారు బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. "ఏం జబ్బు బాబూ?" అంది. ఇక దాచలేదు. జబ్బు కాదమ్మా అని ఆపరేషన్ సంగతంతా చెప్పాను. ఆవిడ విని, "బతకడానికి చేయించుకున్నారు. మంచిపని చేశారు" అంది.

"ఆయనకి చివర్లో మెతుకు దిగేది కాదు. మీరిందాక తిన్నట్టే తినేవారు, చెమటలు కక్కుకుంటూ. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. పక్కన కూర్చుని నా అన్నం నేను తినలేదు, ఆయనకి కష్టంగా ఉంటుందని. తినమని ఆయన అడిగేవారు బాబూ. నువ్వు తింటుంటే చూస్తానే అనేవారు. నేను వినలేదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీరొచ్చాక ఆయన మళ్ళీ బాగా తింటున్నట్టుండేది. వచ్చే ఏడు మీరు రావద్దు. ఆ రోజుల్ని నేను మళ్ళీ చూడలేను."

"అలాగేనమ్మా" అన్నాను. బయటపడ్డానన్న సంతోషం రాలేదు. ఇన్నేళ్ళ నా స్థానం పోయింది, మనిషి పోయినట్టే ఏడుపొచ్చింది. ఆటోలో ఏడిచాను కూడా. డ్రైవరు మిరపకాయల ఘాటనుకున్నాడు కాబోలు, కండువా అడ్డం పెట్టుకోమన్నాడు.

ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ ఇంకా తినలేదు. "ఎట్లా జరిగింది?" అని అడిగి, జవాబు వినకుండానే ఉగ్గుగిన్నె తియ్యబోయింది. భోక్త ఆ పూట మళ్ళీ తినకూడదని గుర్తుచేశాను. "నీ కంచం తెచ్చుకో" అన్నాను. "పచ్చడి జాడీ కూడా ఇక్కడికే పట్రా."

"మీరు అరుగు మీదికి వెళ్ళండి, నేను తింటాలే."

"నేనెక్కడికీ వెళ్ళను. తిను, చూస్తాను."

నా ముఖం చూసి, కంచమూ జాడీ తెచ్చుకుంది. నా ఎదురుగా కూర్చుని, వేడన్నంలో పండుమిరపకాయల పచ్చడి కలిపి, నెయ్యి వేసుకుంది. ఇంగువ వాసన గది నిండా కమ్మింది. నాకు నోరూరింది, లేచి పారిపోవాలనిపించింది. లేవలేదు. ఆవిడ నాలుగు ముద్దలు తినేసి ఇక చాలని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటే, ఆ వేళ్ళ సందుల్లోంచి ఇంకో గరిటె అన్నం వేశాను.