గుర్తు మారిన మెరుపులు

మామిడి కోతల రోజుల్లో పిన్నికి కంటి ఆపరేషన్ అయింది. వేళకు చుక్కలు వేయడానికి మనిషి కావాలంటే ముసునూరు వెళ్ళాను. ల్యాప్‌టాప్ ఉంటే నా పని ఎక్కడైనా సాగుతుంది. ఆకాశంలో ఒకే చోటి నుంచి మళ్ళీ మళ్ళీ వచ్చే రేడియో మెరుపుల మీద పరిశోధన నాది. ఒక్కో మెరుపు రెప్పపాటు కూడా ఉండదు. దారిలో అయస్కాంత క్షేత్రం ఉంటే ఆ తరంగాలు కంపించే దిశ మెలితిరుగుతుంది. ఎటు, ఎంత తిరిగిందో కొలిస్తే అవి పుట్టిన చోటు చుట్టూ ఏముందో కొంత ఊహించవచ్చు.

మూడో రోజు పొద్దున వరండాలో కూర్చుని కొత్త డేటా చూస్తుంటే ఆ మెలి ప్లస్ నుంచి మైనస్‌కు మారింది. అంటే అక్కడి క్షేత్రం దిశే తిరగబడిందన్నమాట. పక్కన మరో నక్షత్రం ఉండి, దాని నుంచి వెలువడే కణాల గాలి అడ్డం వస్తోందేమో! ఆ ఉత్సాహంలో మా బృందమంతటికీ మెయిల్ పంపేశాను.

మధ్యాహ్నానికి అనుమానం పట్టుకుంది. పాత కొలతలు ఒక టెలిస్కోపువి, కొత్తవి ఇంకోదానివి. రెండూ ఈ ప్లస్, మైనస్ గుర్తును ఒకే పద్ధతిలో రాస్తాయా? మాన్యువల్ తీస్తే ఒక పేజీ ఒకలా, మరో పేజీ ఇంకోలా అర్థమైంది. కాగితం మీద లెక్క చేస్తే ఒకసారి ప్లస్, ఒకసారి మైనస్. చుక్కల సంగతే మర్చిపోయాను.

"ఏంటమ్మా, అన్నం కూడా ముట్టలేదు?" నల్ల కళ్ళద్దాలతో గోడ పట్టుకుని వచ్చింది పిన్ని.

చుక్కలు వేస్తూ సంగతి చెప్పాను. పిన్ని రిటైరయ్యే దాకా హైస్కూల్లో లెక్కల టీచరు.

"నాకు కాగితం కనబడదు. పైకి చదువు."

చదివాను. రెండు చోట్ల ఆపి అడిగింది. మూడో చోట తనూ తికమకపడింది.

"ఇంతకీ తప్పా, ఒప్పా?"

"తెలియట్లేదు పిన్నీ."

"అయితే తెలియట్లేదనే రాసెయ్."

"పరువు పోతుంది."

"బోర్డు మీద ఎన్ని లెక్కలు తుడిచానో నేను! పిల్లలేం నవ్వలేదు." కళ్ళద్దాలు సర్దుకుని, "నవ్వార్లే. అయితే ఏమైంది?" అంది.

రాశాను. పది నిమిషాల్లో మా గైడ్ మేడమ్ ఫోన్ చేశారు. "రాసి మంచి పని చేశావమ్మా. నీ మొదటి మెయిల్ చూసి నేనప్పుడే ఇద్దరికి చెప్పేశాను," అన్నారు నీరసంగా.

వారం తర్వాత తేలింది. రెండు టెలిస్కోపులూ గుర్తును ఒకదానికొకటి వ్యతిరేకంగా రాస్తున్నాయి. సరిచేయగానే నేను చూసిన మార్పు మాయమైంది. సిగ్గు, ఊరట రెండూ కలిగాయి. ఆ ఊరటా నిలవలేదు. కొత్త టెలిస్కోపు డేటాలోనే, ఆ వారం చివరి రెండు రోజుల్లో వచ్చిన మెరుపులు సరిచేశాక కూడా మైనస్ చూపిస్తున్నాయి. అదే యంత్రం, అదే పద్ధతి. ఈసారి నిందించడానికి ఏమీ దొరకలేదు.

"కారణం ఏమై ఉంటుందంటావ్?" అని మేడమ్ అడిగారు. నక్షత్రపు గాలి అనబోయి ఆగిపోయాను. ఆ మాట అనడానికి నా దగ్గరున్నవి రెండు రోజుల మెరుపులే. ఇప్పటికీ ఆ ఫైలు తెరిచినప్పుడల్లా ముందు నా లెక్కనే అనుమానిస్తాను.