బిడ్డర్ నాలుగు, జంట హంసలు

మా మేనత్త జీవితంలో ఆడిన అబద్ధాలు తక్కువ. ఆడిన ఆ ఒక్కటీ టోకున ఆడింది.

హైదరాబాద్‌లో చీరల దుకాణం ఉన్న ఒకాయన గద్వాలకు వచ్చి, ఫోన్‌లో ఎవరిదో పాత చీర ఫొటో చూపించి, "ఈ జంట హంసల అంచు ఇప్పుడెవరైనా నేస్తున్నారా?" అని అడిగాడట. మగ్గం మీదున్న అత్తమ్మ తల ఎత్తకుండానే "నేను నేస్త" అంది. "అట్టలున్నాయా?" అంటే "ఎందుకు లెవ్వు, ఉన్నయ్" అంది. నెలరోజుల్లో జానెడు అంచు నేసి చూపిస్తే ఏడాది పొడుగునా పని ఇస్తానని ఆయన మాటిచ్చి వెళ్లాడు.

అట్టలంటే చిల్లులు కొట్టిన గట్టి కాగితం ముక్కలు. మగ్గం పైన జకార్డు పెట్టె ఉంటుంది. దాని మీద ఒక్కో అట్ట తిరుగుతుంటే, ఏ పోగు లేవాలో ఏ పోగు పడుకోవాలో ఆ చిల్లులే చెబుతాయి. అట్టలు లేకపోతే హంస లేదు. అత్తమ్మ అట్టలు ఉన్నమాట నిజమే. కాకపోతే ఆమె దగ్గర లేవు. ఆమె ఒకప్పుడు నేసిన, ఎప్పుడో మూతబడిన ఒక నేత సంఘం షెడ్డులో, తాళం వెనక ఉన్నాయి.

నేను నాగర్‌కర్నూల్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. కరెంటు పాఠం చెప్పేవాడికి ఫ్యాను బాగుచేయడం కూడా వచ్చి ఉంటుందన్న నమ్మకంతో మా చుట్టాలు ఇంటర్నెట్ కష్టాలన్నీ నాకే పంపుతారు. అత్తమ్మ ఫోన్ కూడా అలాగే వచ్చింది.

"అల్లుడా, గా షెడ్డుల సామానంత అమ్ముతున్నరంట. ఆన్‌లైన్ల పాడాల్నంట. నువ్వు జర పాడు."

"వేలం పాటనా అత్తమ్మా?"

"పాటనే. గొంతు అక్కర్లేదంట, భయపడకు."

"ఎందుకు గదంత? గా ఫొటో చూసి కొత్త అట్టలు కొట్టియ్యరాదూ?"

"అట్టలు కొట్టెటోళ్లను అడిగొచ్చిన. గా మసక ఫొటో చూసి కొట్టిస్తే హంస బాతైతదంట. నా అట్టలే గావాలె. లేకుంటే గాయనకు నా మొఖమెట్ల చూపియ్యాలె?"

వేలం వేసే వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. పాన్ కార్డు అడిగింది, ఇచ్చాను. రద్దు చేసిన చెక్కు అడిగింది, ఇచ్చాను. ముందస్తు డిపాజిట్ అడిగింది, కట్టాను. సంస్థ పేరు రాయనిదే ముందుకు పోనంది. 'అత్తమ్మ అండ్ కో' అని రాశాను. వెంటనే ఒప్పుకుంది. పెళ్లిచూపుల్లో కూడా నాకింత త్వరగా ఆమోదం రాలేదు.

మాకు కావలసింది ఏడో లాటు. 'పాత మగ్గాల చెక్క, ఇనుము, జకార్డు పెట్టెలు, అట్టలు, ఇతరములు. ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటనే' అని రాసి ఉంది. అందులో ఒక్క అట్టలే కొంటామంటే కుదరదు. మొత్తం కొనాలి, వారంలోగా మొత్తం ఎత్తుకుపోవాలి, లేకపోతే రోజుకింత అద్దె. కింద ఒక ఫొటో పెట్టారు. అందులో ఒక స్తంభం, తీసినవాడి బొటనవేలు, నిద్రపోతున్న ఒక కుక్క ఉన్నాయి. ఇతరములు అంటే అదేనేమో తెలియలేదు.

సరుకు చూసుకోవడానికి ఒకే రోజు, రెండు గంటలు ఇచ్చారు. సెలవు పెట్టి, వనపర్తిలో బస్సు మారి గద్వాల చేరాను. తాళంచెవి ఉన్న ఉద్యోగి మీటింగుకని వనపర్తి పోయాడట. బహుశా మా బస్సులు ఎదురెదురుగా దాటుకుని ఉంటాయి. అత్తమ్మ కిటికీ చువ్వలకు మొఖం ఆనించి, కళ్లు చీకటికి అలవాటయ్యేదాకా నిలబడింది.

"సజ్జ మీద ఉన్నయ్. గా ఎర్ర పేలిక కనబడుతుందా? నా చీర చింపి నేనే కట్టిన. ముడి గూడ నాదే."

నాకు చీకటి తప్ప ఏమీ కనబడలేదు. కొనేవాళ్ల తరఫున జరిగిన తనిఖీ అంతే.

"పద్దెనిమిది వేలు దాటకు" అంది తిరిగొస్తుంటే. "గదే నా దగ్గరున్నది."

పాట శుక్రవారం పదకొండుకు మొదలై పన్నెండుకు ముగియాలి. ఎనిమిది వేల నుంచి మొదలు, ఐదు వందల చొప్పున పెరగాలి. నాకు బిడ్డర్ రెండు అని పేరొచ్చింది. ఒకటి, మూడు నంబర్లవాళ్లు మర్యాదగా చెరొకసారి పాడి తప్పుకున్నారు. మిగిలింది బిడ్డర్ నాలుగు.

పదకొండున్నరకు నేను పదకొండు వేలంటే నాలుగు పదకొండున్నర అన్నాడు. నేను నీళ్లు తాగి వచ్చేసరికి నా మీద ఉన్నాడు. నేను కావాలని ఇరవై నిమిషాలు ఊరుకుంటే తనూ ఊరుకున్నాడు. ఆఖరి నిమిషంలో నేను నొక్కాను. అప్పుడు తెలిసింది, చివర్లో ఎవరు నొక్కినా గడువు ఇంకో ఐదు నిమిషాలు పెరుగుతుందని. నిబంధనల్లో ఉందట, పదిహేడో పేజీలో. పదహారో పేజీ దాకా చదివినవాడికి ఇలాగే జరుగుతుంది.

పన్నెండుంబావుకు నాకు కాలేజీలో పరీక్ష డ్యూటీ. హాల్లోకి ఫోన్లు తేకూడదన్న నోటీసు నా సంతకంతోనే ఉంది. ఫోన్ హాజరు పట్టీలో పెట్టుకుని లోపలికి పోయాను. ఆ రోజు ఆ హాల్లో అందరికంటే ఎక్కువ దొంగచూపులు చూసింది నేనే.

"సార్, టైం ఎంతుంది?" అని వెనక బెంచీ నుంచి అడిగారు.

"ఐదు నిమిషాలు" అన్నాను పట్టీలోకి చూస్తూ.

పది నిమిషాల తర్వాత మళ్లీ అడిగారు. "ఐదు నిమిషాలు." ఇంకో పావుగంటకూ అదే జవాబు. పిల్లలు నన్ను ప్రేమగా చూడడం మొదలుపెట్టారు.

ధర పద్దెనిమిది దాటింది. అత్తమ్మ డబ్బు అయిపోయింది. మా ఇంట్లో ఫ్రిజ్ మార్చాలని దాచిన డబ్బు ఉంది. పాత ఫ్రిజ్‌కు ఇంకా ఒక ఎండాకాలం శక్తి ఉన్నట్టు అప్పటికప్పుడు అనిపించింది. ఇరవై. ఇరవై మూడు. కాలు నిలవడం లేదు. ఎవడీ నాలుగు? పాత వస్తువులు కొని పెద్ద హోటళ్లకు అలంకారంగా అమ్మే బెంగళూరు మనిషా? హంసల కోసమే దిగిన ఏదైనా కంపెనీనా? అసలు మనిషేనా, లేక ధర పెంచడానికి వెబ్‌సైటువాళ్లే కూర్చోబెట్టిన ఉత్త నంబరా? మొఖం తెలియని మనిషి మీద అంత కోపం నాకు అంతకుముందెన్నడూ రాలేదు. నడిచి నడిచి ఆ హాలు పొడుగు ఎన్ని అడుగులో నాకు కంఠతా వచ్చింది.

ముప్పై ఒక వేలు నాది. ముప్పై ఒకటిన్నర నాలుగుది. నొక్కాను. తెర తెల్లబడింది. 'మీ సమయం ముగిసింది, మళ్లీ లాగిన్ కండి' అంది. అయ్యాను. నేను రోబోను కానని రుజువు చేయమని, ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలన్నీ ఏరమంది. మా దగ్గర ట్రాఫిక్ లైట్లు తక్కువ. ఒకటి వదిలేశానట. మళ్లీ ఏరమంది. ఏరి లోపలికి పోయేసరికి ఏడో లాటు ఎదురుగా 'అమ్ముడుపోయింది' అని ఉంది.

"టైం అయిపోయింది" అన్నాను పైకే. పిల్లలు ఉలిక్కిపడి కాగితాలు ఇచ్చేశారు.

అత్తమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "పోనియ్ తియ్" అంది. ఆమె "పోనియ్" అన్నది ఏదీ పోనిచ్చిన దాఖలా లేదు కాబట్టి నాకు భయమేసింది. కొన్నదెవరో చెప్పమని వెబ్‌సైటుకు రాశాను. కొనుగోలుదారుల వివరాలు గోప్యమన్నారు. నా డిపాజిట్ ఏడు పనిదినాల్లో వస్తుందన్నారు. ఆ పనిదినాలు ఏ క్యాలెండర్లో ఉన్నాయో ఇంకా వెతుకుతున్నాను.

వెబ్‌సైటు దాచినదాన్ని షెడ్డు వాచ్‌మన్ ఒక చాయ్‌కి చెప్పేశాడు. గురువారం పొద్దున లారీ వస్తుంది, అచ్చంపేట నుంచి. కొన్నది పాత ఇనుము వ్యాపారి.

బెంగళూరు లేదు, కంపెనీ లేదు. మా ఇంటి నుంచి గంట దూరంలో ఉన్న అచ్చంపేట.

గురువారం ఆటోలో పోతూ అత్తమ్మ నాకు పాఠం చెప్పింది. "నువ్వు నోరు తెరవకు. కావాలన్నట్టు చూడకు. చెత్తను చూసినట్టు చూడాలె. మనకు గరజుందని తెలిస్తే ధర నెత్తికెక్కుతది."

షెడ్డు అరుగు మీద తెల్లగడ్డం పెద్దాయన కూర్చుని ఉన్నాడు, భుజం మీద తువ్వాల. పనివాళ్లు ఇనుము లారీలోకి ఎక్కిస్తున్నారు. మాకూ చాయ్ చెప్పాడు. ఎవరని అడగకముందే తన బాధ మొదలుపెట్టాడు.

"ఏం చెప్పాలె చెల్లె, ఎనిమిది వేల సామాను ముప్పై ఒకటిన్నరకు పడ్డది. బిడ్డర్ రెండు అని ఎవడో షైతాన్. మా బిడ్డ ఫోన్ల ఒత్తుతుంటది, వాడు మీదికెళ్లి ఒత్తుతుంటడు. జుమ్మా నమాజుకు లేద్దామంటే ఐదు నిమిషాలు, మల్ల ఐదు నిమిషాలు. ఉరికి ఉరికి ఆఖరి వరుసల నిలబడ్డ. హైదరాబాద్ కంపెనీ వాడై ఉంటడు. పైసలు తింటడో, కాగితాలు తింటడో!"

నేను చాయ్ గ్లాసులోకి శ్రద్ధగా చూశాను. చాయ్ బాగుందని కూడా అనలేదు. నోరు తెరవొద్దన్నది గదా.

అంతలో సజ్జ మీది నుంచి పనివాడు ఎర్ర పేలిక కట్టిన మూటను ఇనుపకుప్ప మీదికి విసిరాడు. దుమ్ము లేచింది. నాకు అంత పాఠం చెప్పిన అత్తమ్మ "ఓరి నీ చేతులిరగ! మెల్లగ!" అంటూ ఉరికి, మూటను పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తుకుంది. చెత్తను అలా ఎత్తుకునేవాళ్లు గద్వాలలో ఎవరూ లేరు.

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. "గా అట్టలు నీకెందుకు చెల్లె?"

అత్తమ్మ ముడి విప్పుతూనే చెప్పింది. హంసలు, దుకాణం ఆయన, నెల గడువు, అన్నీ. చెప్పి, నా వైపు వేలు చూపించింది. "అన్నా, ఇంగొక మాట. నీ బిడ్డర్ రెండు గీడే. మా అల్లుడు."

"అత్తమ్మా!" అన్నాను.

"ఏందిర? ఒక్క అబద్ధానికే గిన్ని రోజుల నుంచి పరేషాన్ అయితున్న. రెండోది నాతోని కాదు."

పెద్దాయన నన్ను చెప్పుల నుంచి కళ్లద్దాల దాకా చూశాడు. ఆశించిన షైతాన్ కనబడనందుకు కొంత నిరాశపడ్డట్టున్నాడు.

"ఏం చేస్తవు సార్?"

"పాఠాలు చెప్త చాచా."

"మీకు గావాల్సింది అట్టలు. నాకు గావాల్సింది ఇనుము. గీ అట్టలు నేను తూకానికేస్తే చాయ్ పైసలు గూడ రావు. మరి మనం దేనికోసం కొట్లాడినం?"

"మీరెవరో నాకు తెల్వదు గదా."

"నువ్వెవరో నాకు తెలుసా? మార్కెట్ యార్డుల పాటైతే ముందుగాలనే మొఖాలు చూసుకుంటుంటిమి. నీకేం గావాలె, నాకేం గావాలె అని చాయ్ తాగుతుంటిమి. పనైపోతుండె!"

చట్టం దాన్ని కుమ్మక్కు అంటుంది. మా దగ్గర చాయ్ అంటారు. చట్టమే సరైనదని నేను క్లాసులో చెబుతాను. కానీ ఆ అరుగు మీద కూర్చుని, ఎవరికీ అక్కర్లేని ఇరవై మూడున్నర వేలను ఇద్దరం కలిసి పైకెక్కించామని లెక్క తేలాక, ఆ మాట నోటికి రాలేదు.

"సరే, ఎంతిస్తవు?" అంటూ ఆయన భుజం మీది తువ్వాల తీసి నా చెయ్యి మీద కప్పాడు. పశువుల సంతల్లో బేరం అలాగే సాగుతుంది. తువ్వాల కింద వేళ్లు నొక్కి ధర చెబుతారు, చుట్టూ ఉన్నవాళ్లకు తెలియదు. చూశాను గాని, ఎప్పుడూ చేయలేదు. ఆయన నా వేళ్లు నాలుగు పట్టుకున్నాడు. నాలుగు వందలో, నాలుగు వేలో నాకు తెలియదు. వెబ్‌సైటులో ధర రూపాయితో సహా కనబడింది, మనిషి కనబడలేదు. ఇక్కడ ధర గుడ్డ కింద ఉంది, మనిషి మాత్రం జానెడు దూరంలో ఉన్నాడు, గడ్డంలో ఇనుప దుమ్ముతో. నేను ఆ మొఖం చూశాను. నవ్వు ఆపుకుంటున్నాడు. ధైర్యం చేసి ఒక వేలు తగ్గించి నొక్కాను.

"జుమ్మా తప్పిపోతుండె, యాదుంచుకో" అన్నాడు. తగ్గించిన వేలు మళ్లీ కలిపాను. న్యాయమే అనిపించింది.

నాలుగంటే ఎంతో ఆయనే చెవిలో చెప్పాడు. అది ఇక్కడ రాయను. తువ్వాల కింద మాట పైకి చెప్పకూడదట. అత్తమ్మ ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

ఇంటికి తెచ్చి అట్టలన్నీ వరుసగా పరిచాం. ఒక హంస పొట్ట దగ్గర ఏడు అట్టలు ఎలుకలు తినేశాయి. ఏది చిల్లో, ఏది ఎలుక కొరుకుడో నేను పోల్చుకుంటూ కూర్చున్నాను. అత్తమ్మ మాత్రం వాటి వంక కూడా చూడకుండా రెండో హంస అట్టలు ముందుకు జరిపింది. "జంట హంసలురా. ఎదురెదురుగ చూసుకుంటుంటయ్. గీ హంస పొట్ట ఎనక నుంచి ఎంచుకుంట వస్తే గా హంసది." కావలసిన ఏడు అట్టలు ఎంచి తీసింది. వాటిని పట్టుకుపోయి అచ్చం అలాంటివే కొట్టించుకొచ్చింది.

గడువుకు ముందురోజు నేను గద్వాల పోయేసరికి జకార్డు టకటకమంటోంది. జానెడు అంచు మీద రెండు హంసలు ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. బాతులు కావు. నేను ముక్కులు కూడా పరీక్షించాను.

మర్నాడు దుకాణం ఆయన వచ్చి, అంచును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏడాది పని ఖాయం చేసి, లేస్తూ అడిగాడు. "అట్టలు ఉన్నాయన్నారు కదమ్మా, జానెడు అంచుకు నెలంతా ఎందుకు పట్టింది?"

"సజ్జ మీదుండె. దించెటందుకు జర టైం పట్టింది" అంది అత్తమ్మ.

అందులో అబద్ధమేమీ లేదు. ఏ సజ్జ అని ఆయన అడగలేదు.