అరవై డిగ్రీలు దాటిన రోజులు

ఆ ఊళ్లో ఆమెను అందరూ పట్టాలక్క అనేవారు. ఇరవై ఏడేళ్లుగా రైలు పట్టాల వెంట నడుస్తున్న మనిషికి అంతకంటే తగిన పేరు ఎవరికీ తోచలేదు. భుజాన పానా, చేతిలో సుత్తి, నడుముకు చుట్టిన ఎర్రజెండా. స్టేషను చివరి నుంచి వాగు మీది వంతెన దాకా ఐదు కిలోమీటర్లు ఆమెవి. పోయేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండోది చూసుకుంటూ, ఎక్కడ బిగింపు వదులైతే అక్కడ వంగి సరిచేస్తూ నడిచేది.

వేసవిలో ఇంకో పని ఉండేది. మధ్యాహ్నం రెండింటికి వంతెన దగ్గర పట్టాకు ఉష్ణమాపకం అతికించి, పది నిమిషాలు ఆగి, ముల్లు ఎక్కడుందో పుస్తకంలో రాసుకోవాలి. అరవై డిగ్రీలు దాటితే స్టేషనుకు ఫోను చేయాలి. ఆ సాయంత్రం దాకా రైళ్లు నెమ్మదిగా నడుస్తాయి. ఎండకు ఇనుము సాగుతుంది, సాగడానికి చోటు లేకపోతే పట్టా పక్కకు వంగిపోతుంది. ఒక ఏడు అలా వంగిన చోటు ఆమె కంటపడింది. బండి వచ్చే వేళ. పానా అక్కడే పడేసి, జెండా విప్పి, కంకర మీద బండికి ఎదురు పరిగెత్తింది. బండి ఆగింది. డ్రైవరు దిగి వచ్చి ఆ వంపు దగ్గర వంగి చూశాడు. ఆమె అప్పటికే పానా వెతుక్కుంటోంది.

బండిని ఆపగలిగింది గానీ ఇంట్లో వాదన ఆపడం ఆమె వల్ల కాలేదు. ఆమె అన్నయ్య ఊరి బడిలో రిటైరైన హెడ్మాస్టరు, ఊరి వారపత్రికలో వ్యాసాలు రాసేవాడు. ఆమె అల్లుడు, కూతురి భర్త, అదే బడిలో సైన్సు మాస్టారు. భూమి వేడెక్కుతోందన్న మాట వినపడితే చాలు, అన్నయ్య ఒంటికాలి మీద లేచేవాడు. ఆదివారం అందరూ భోజనానికి కూర్చుంటే మొదటి ముద్ద దిగకముందే రగడ మొదలు.

“కూర చల్లారిపోతోంది. ముందు దాని సంగతి చూడండి, భూమి సంగతి తర్వాత” అనేది ఆమె.

ఇంకో ఏడు వేసవి మొదట్లో అన్నయ్య రాసిన వ్యాసం ఊరంతా చదివింది. ఎండలు ఎప్పుడూ ఉన్నవే, ఈ వేడెక్కడం అనేది లెక్కలు తారుమారు చేసి జనాన్ని భయపెట్టడానికి అల్లిన కథ అని దాని సారాంశం. తర్వాతి వారం అల్లుడు ఘాటుగా జవాబు రాశాడు. గ్రంథాలయం అధ్యక్షుడు ఇదేదో బాగుందనుకుని, ఇద్దరినీ ఆదివారం ఉదయం సభకు పిలిచాడు.

అల్లుడు నేరుగా అత్తగారి దగ్గరికి వచ్చాడు. “అత్తయ్యా, మీ పుస్తకాలు కావాలి. ఇరవై ఏడేళ్లవీ.”

ఆమె అలమర తెరిచి పద్నాలుగు పుస్తకాలు తీసి ఇచ్చింది.

“మిగతావి?”

“అవి వేరు బాబూ. అప్పుడు ఉన్నది పాత గాజు గొట్టం. పద్నాలుగేళ్ల కిందట దాన్ని మార్చి ఈ ముల్లుది ఇచ్చారు. ఇది దానికంటే రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. పైగా ఆ ఏడే రెండో లైను కోసం వంతెన దగ్గరి చెట్లు కొట్టేశారు. నీడ పోయింది. పాతవాటితో కొత్తవి పోల్చకూడదు.”

“అవీ కలిపితే తేడా ఇంకా పెద్దగా కనిపిస్తుంది కదా.”

“అందుకే ఇవ్వను.”

అల్లుడు మొహం మాడ్చుకుని వెళ్లాడు.

సభకు గ్రంథాలయం హాలు సరిపోలేదు. జనం కిటికీల బయట నిలబడ్డారు. పట్టాలక్క డ్యూటీకి వెళ్తూ వచ్చి, ఆ యూనిఫారంతోనే వెనక బల్ల మీద కూర్చుంది. అల్లుడు పద్నాలుగేళ్ల అంకెలు చదివాడు. ఆ పుస్తకాలు ఎవరివో ఊరికి తెలుసు. జనం వెనక్కి తిరిగి ఆమెను చూశారు.

అన్నయ్య లేచాడు. “మా చెల్లెలు ఆ పనిలో చేరి ఇరవై ఏడేళ్లు. మరి మన ముందుకు పద్నాలుగే ఎందుకు వచ్చాయి? మిగతా పదమూడు ఎక్కడ దాచారు? ఇలాగే, తమకు పనికొచ్చేవి చూపించి మిగతావి నొక్కేస్తారు.”

హాల్లో గుసగుసలు. అల్లుడు వెనక బల్ల వంక చూశాడు. అప్పుడు ఆమె నిలబడింది. సభలో మాట్లాడటం ఆమెకు అదే మొదటిసారి.

“దాచింది నేను” అంది. గాజు గొట్టం సంగతి, చెట్ల సంగతి, రెండు డిగ్రీల సంగతి, అల్లుడికి చెప్పినట్టే చెప్పింది. “కావాలంటే అన్నీ ఇస్తాను, ఎవరైనా చూడొచ్చు. ఈ పద్నాలుగేళ్లలో కొలిచే పరికరం అదే, చోటు అదే, వేళ అదే. మొదటి నాలుగేళ్లలో అరవై దాటింది పద్దెనిమిది రోజులు. ఈ చివరి నాలుగేళ్లలో డెబ్బై ఒకటి.”

“ఐదు కిలోమీటర్ల ఇనుమును బట్టి ప్రపంచం సంగతి తేల్చేస్తావా అమ్మాయ్?” అన్నాడు అన్నయ్య.

“తేల్చను. నాకు తెలిసింది నా ఐదు కిలోమీటర్లే. ప్రపంచాన్ని కొలిచేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లూ నాలాగే ఎండలో నిలబడి ముల్లు చూసి రాసుకునేవాళ్లే అయ్యుంటారు అన్నయ్యా. వాళ్లంతా కూడబలుక్కుని అబద్ధం రాశారని నువ్వు రాశావు. నేనూ అబద్ధమే రాశానా?”

అన్నయ్య చెల్లెలి వంక చూశాడు. “నువ్వు రాయవు” అన్నాడు. ఆమె గడియారం చూసి, డ్యూటీకి వేళయిందని అధ్యక్షుడికి చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు ఉదయమే అన్నయ్య ఆమె గుమ్మంలో ఉన్నాడు. పుస్తకాలన్నీ అడిగి తీసుకెళ్లాడు. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు, తప్పు పట్టడానికే తీసుకెళ్లాడు. వారం రోజులు కూర్చుని ప్రతి పేజీ తిరగేశాడు. చివరికి ఒకటి దొరికింది.

“నువ్వు సెలవు పెట్టిన రోజులు ఇందులో లేవు” అన్నాడు గెలిచినట్టు.

“ఆ రోజులు నా బదులు వచ్చినవాళ్లు కొలిచారు. స్టేషను పుస్తకంలో ఉంటాయి. చూసి రా.”

చూడడులే అనుకుంది ఆమె. కానీ ఆయన గొడుగు వేసుకుని రెండు రోజులు స్టేషనుకు తిరిగాడు. ఆ సెలవు రోజుల్లో అరవై దాటినవి మొదటి నాలుగేళ్లలో రెండు, చివరి నాలుగేళ్లలో ఆరు. తప్పు పట్టబోయిన మనిషి లెక్కను ఇంకాస్త బలపరిచి ఇంటికొచ్చాడు.

ఆ వారం పత్రికలో ఆయన వ్యాసం చిన్నది. ప్రపంచం గురించి తన సందేహాలు తనకు ఇంకా ఉన్నాయని, అయితే మన ఊరి పట్టాల విషయంలో మా చెల్లెలు చెప్పిందే నిజమని, లెక్కలు తారుమారు చేస్తారని తాను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నానని రాశాడు. అల్లుడు అది చదివి ఆయన ఇంటికి నడిచి వెళ్లాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని గంటసేపు వాదించుకున్నారట. ఈసారి అరుచుకోలేదని వదిన చెప్పింది.

మరుసటి వేసవిలో గ్రంథాలయం వాళ్లు మళ్లీ సభ పెట్టి, ఈసారి పట్టాలక్కనే మాట్లాడమన్నారు. ఆ రోజు ఆమెకు డ్యూటీ. వెళ్లలేదు. ఆమె రాసిన అంకెలను అన్నయ్య లేచి చదివాడు, ఒక్కొక్కటీ రెండుసార్లు, జనం రాసుకోవడానికి వీలుగా.