ఆ సన్నటి కూత ఎక్కడిది?

మా ఆయనకు చెవులు సరిగా పనిచేయడం లేదన్న సంగతి నాకు ఇంట్లో ఉండగా తెలియలేదు. షాపులో ఒక మాక్సీ స్కూటర్ పక్కన నిలబడినప్పుడు తెలిసింది.

ఆయనది శాలిబండలో చిన్న మెకానిక్ షాపు. గేర్లు లేని బండ్లే ఎక్కువగా వస్తాయి. నేను సిటీ బస్సులో కండక్టర్‌గా చేసి, మోకాళ్లు మొరాయించడంతో ముందుగానే ఉద్యోగం మానేశాను. ఇంట్లో ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. మధ్యాహ్నం మొఘల్‌పురాలోని మా ఇంటి నుంచి షేర్ ఆటోలో ఆయనకు టిఫిన్ డబ్బా తీసుకుపోయి, ఆయన తినేదాకా షాపులో కూర్చుని వచ్చేదాన్ని.

అలా వెళ్లిన ఒక రోజు అఫ్జల్‌గంజ్ నుంచి మా పాత గిరాకీ ఒకాయన వచ్చాడు. కిరాణా సామాన్ల హోల్‌సేల్ వ్యాపారి. నడుము నొప్పి మొదలయ్యాక, వెడల్పాటి సీటు, ముందు పెద్ద అద్దం ఉన్న మాక్సీ స్కూటర్ కొనుక్కున్నాడు. దాని మీద దుమ్ము పడినా ఓర్చుకోడు.

“అన్నా, ఇంజన్ల ఏదో కూత వెడ్తుంది. బండి ఆపినప్పుడే వస్తుంది. సిగ్నల్ కాడ అందరు నా దిక్కే చూస్తున్నరు. వేరే షాపుల చూపిస్తే ఇంజన్ మొత్తం ఇప్పాలె అన్నరు. జర నువ్వు చూడు” అన్నాడు.

మా ఆయన స్టార్ట్ చేశాడు. వంగి విన్నాడు. ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూశాడు. లేచి నిలబడి, “ఏం లేదు సేటూ. మంచిగున్నది” అన్నాడు.

“ఏం లేదా? గిప్పుడు గూడ వస్తుంది కదన్నా!”

నాకూ వినిపిస్తోంది. ఇంజన్ గుడగుడల మీద, కుక్కర్ విజిల్ వేసే ముందు తీసే రాగంలాగా, సన్నగా, తెగకుండా. కిక్కిరిసిన బస్సులో వెనక సీట్లోంచి ఎవరో “ఆపు, ఆపు” అంటే పట్టుకున్న చెవులు నావి. నాకు పొరపాటు జరిగే ప్రశ్నే లేదు. మా ఆయన మాత్రం బండి వైపు చూడకుండా వ్యాపారి పెదవుల వైపు చూస్తున్నాడు. ఇంజన్ మోతలో మాటలు అందక, పెదవులను చూసి తెలుసుకుంటున్నాడు.

వ్యాపారి బండెక్కి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చాయ్ తాగుతుండగా, ఫోన్‌లో అలారం పెట్టి ఆయన వెనక కిటికీలో ఉంచాను. అది కీచుకీచుమని మోగింది. ఆయన చాయ్ తాగుతూనే ఉన్నాడు. నేను ఫోన్ తెచ్చి ముందు పెట్టాను. తెర మీద గంట బొమ్మ ఊగుతోంది.

“నీకు ఇనవడ్తలేదు కదా?” అని అడిగాను.

“షాపుల లొల్లికి చెవులు గిట్ల మొద్దువారినయ్, అంతే.”

“ఎన్ని రోజుల సంది?”

ఆయనకు కోపం వచ్చింది. “మెకానిక్‌కు చెవులు పోయినయంటే బండి ఎవడు తెస్తడే? ఏడాది పైననే అయితుంది. మాటలు ఇనవడ్తయ్, మోటు సౌండ్ ఇనవడ్తది. సన్నటిదే రాదు. చేతులతోటి పట్టి చూసి లాక్కస్తున్న.”

అన్నాక తల వంచుకున్నాడు. ఏడాదిగా ఈ భయాన్ని లోపల పెట్టుకుని షట్టర్ తీస్తున్నాడు. నాకు జాలి వేయలేదు. పని కనిపించింది.

“ఏ సౌండ్ ఏందో నీకు ఎరుక. నాకు ఇనవడ్తది. నేను చెప్త, నువ్వు చెయ్యి. దీనికి గింత ఫికర్ ఎందుకు?”

మర్నాడు పొద్దున ఆయన చెప్పులు వేసుకుంటూ, “సేటును బండి తెమ్మని ఫోన్ చేసిన. నువ్వు గూడ నడువు” అన్నాడు.

వ్యాపారి వచ్చేసరికి నేను స్టూల్ వేసుకుని సిద్ధంగా ఉన్నాను. బండి మెయిన్ స్టాండ్ మీద నిలబెట్టి స్టార్ట్ చేశారు. కూత మొదలైంది.

“ఏడికెల్లి వస్తుంది?” అని మా ఆయన అడిగాడు.

“ముందటికెల్లి. ఇంజన్ కాడ” అని తడుముకోకుండా చెప్పాను.

ఆయన పొడుగాటి స్క్రూ డ్రైవర్ తెచ్చి, పిడి నా చెవికి ఆనించి, మొన ఇంజన్‌కు తాకించాడు. లోపల దడదడమని నిండుగా, ఒకే తీరుగా కొట్టుకుంటోంది. కూత ఉంది కానీ ఎక్కడో దూరంగా ఉంది. మొనను బండి ఎడమ పక్కనున్న మూత మీదుగా వెనక్కి జరుపుతూ పోయాడు. చక్రం దగ్గరికి వచ్చేసరికి కూత సూదిలా చెవిలో దిగింది. ఉలిక్కిపడి తల తీసేశాను.

“ఎన్కకెల్లి వస్తుంది! ముందట గాదు.”

“ఇనుము మోసుకపోతది సౌండును. ముందట కూసున్నోనికి ఇంజనే అనిపిస్తది” అని నవ్వాడు. ముందు రోజు సాయంత్రం నుంచి ఆయన నవ్వడం అదే మొదలు.

తర్వాత నన్ను వెనక ఎక్కించుకుని రోడ్డు మీదికి తీశాడు. కూత వస్తున్నంతసేపు నా చెయ్యి ఆయన భుజం మీద ఉండాలి, ఆగితే తీసేయాలి. అదీ మా ఒప్పందం. బస్సుల హారన్లలో నాకేమీ తెలియలేదు. వీపు మీద తట్టి పక్క గల్లీలోకి తిప్పమన్నాను. అక్కడ మెల్లగా యాక్సిలరేటర్ ఇచ్చాడు. బండి కదిలి ఊపందుకోగానే కూత ఠక్కున ఆగింది. చెయ్యి తీశాను. బ్రేకు వేసి ఆపాడు. మళ్లీ మొదలైంది. చెయ్యి పెట్టాను. ఆ గల్లీలో అలా తిరుగుతూ, ఆగుతూ పోయాం. ప్రతిసారీ అదే తీరు.

షాపుకి తిరిగొచ్చాక వ్యాపారికీ నాకూ కలిపి వివరించాడు. బండి ఆగి ఉన్నా ఇంజన్ తిరుగుతుంది, బెల్టు తిరుగుతుంది, బెల్టు లాగే వెనక పుల్లీ కూడా తిరుగుతుంది. దాని నడుమనున్న ఇరుసు మాత్రం చక్రంతోపాటు నిలబడి ఉంటుంది. తిరిగేదానికీ నిలబడినదానికీ మధ్య నలిగేది ఒక బేరింగ్. లోపలి క్లచ్ దానంతటదే పట్టుకుని బండి పరుగందుకుంటే పుల్లీ, ఇరుసు కలిసి తిరుగుతాయి కాబట్టి బేరింగ్‌కు పని ఉండదు.

“అందుకే ఉరికితే కూత ఆగుతుంది. అయినా నా మాట మీద నమ్మకు సేటూ, చూపిస్త.”

మూత విప్పి, బెల్టు తీసి పక్కన పెట్టాడు. బెల్టు తీయడానికి వదులు చేసిన ఇంజన్ వైపు పుల్లీని మళ్లీ గట్టిగా బిగించి, ఇంజన్ ఒక్కటే స్టార్ట్ చేశాడు. వెనక ఏదీ తిరగడం లేదు. ఆయన నా వైపు చూశాడు. వ్యాపారీ నా వైపే చూశాడు. నేను స్క్రూ డ్రైవర్‌ను ఇంజన్ మీద అన్ని చోట్లా పెట్టి, ఓపికగా విన్నాను.

“సాఫ్ ఉన్నది. కూత లేదు. ఇంజన్ ఇప్పే అవుసరమే లేదు.”

వ్యాపారి ఊపిరి వదిలి నా స్టూల్ మీదే కూలబడ్డాడు. మా ఆయన వెనక పుల్లీని ఊడదీసి, లోపలి బేరింగ్‌లో వేలు పెట్టి, కళ్లు మూసుకుని తిప్పాడు. ఇసుక పడ్డట్టు గరుకుగా తగులుతోందని నన్నూ తిప్పి చూడమన్నాడు. నా వేలికి అంతగా ఏమీ తెలియలేదు. ఆయన వేలికి తెలిసింది.

అప్పుడు వ్యాపారి మామూలుగానే అడిగాడు. “మరి నిన్న ఏం లేదంటివి గదన్నా?”

“నిన్న షాపుల లొల్లి మస్తుండె...” అని నేను అందుకోబోయాను. మా ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“నాకు సన్నటి సౌండ్ ఇనవడ్తలేదు సేటూ. ఈమె ఇన్నది, నేను చెప్పిన.”

పక్క షాపులో గ్రైండర్ ఆగింది. వ్యాపారి ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

“మా బాపుకు గూడ గంతే. డాక్టర్‌కు చూపించినవా?” అన్నాడు.

“లేదు.”

“చూపియ్యి. బండి ఈడనే ఉండనియ్యి, బేరింగ్ ఎయ్యి. రేపొస్త.”

అంతే. ఏడాదిపాటు ఈయన భయపడిన మాట బయటికొచ్చాక అయింది ఇంతే. మర్నాడు కొత్త బేరింగ్‌తో బండి సిగ్నల్ దగ్గర ఎంత నిశ్శబ్దంగా నిలబడిందో ఆ వ్యాపారి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

చెవుల డాక్టర్ దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఏళ్ల తరబడి షాపులో గాలి కంప్రెసర్ మోత మధ్య ఉండడం వల్ల అలా అయిందనీ, పోయిన వినికిడి తిరిగి రాదనీ, చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు తేటగా వినిపిస్తాయనీ చెప్పారు. ఇంట్లో పెట్టుకుంటున్నాడు. షాపులో ఆ మోత భరించలేక తీసేస్తున్నాడు. కాబట్టి ఇప్పుడు నేను డబ్బా మోసుకుని మధ్యాహ్నం పోవడం లేదు. పొద్దున ఇద్దరం కలిసే పోతున్నాం. గిరాకీలు నా ముందు నిలబడి, గరగర, టపటప, జుయ్‌మని నోటితో చేసి చూపిస్తారు. నేను బండితోనే చెప్పించుకుంటాను.

మొన్న ఇంకో మాక్సీ స్కూటర్ వచ్చింది. నడుస్తుంటే ముందు నుంచి కటకట. ఆయన చెయ్యి పెట్టి చూసి, పుల్లీలో రోలర్లు అరిగాయన్నాడు. నేను కాదన్నాను. అది పై ప్లాస్టిక్ అదిరే సౌండ్, లోపలి ఇనుముది కాదు. కాసేపు గట్టిగానే వాదించుకున్నాం. చివరికి ముందు అద్దం కింద వదులైన స్క్రూ దొరికింది. ఆయన దాన్ని బిగించి, తాళం నా చేతిలో పెట్టాడు.

“ఒక రౌండ్ ఏసి రా. ఇంకేమన్న ఉంటే చెప్పు.”

మోకాళ్లు మొరాయించాక నేను స్కూటర్ నడపడం మానేశాను; కాళ్లు చాపుకుని, ఇబ్బంది లేకుండా నడపగలిగే బండి అది. హెల్మెట్ పెట్టుకుని, శాలిబండ రోడ్డు మీదికి తిప్పాను.