క్వాంటం చెప్పిన సందు

లాండ్రీలో అందరూ ఆయన్ని రూట్ల మాస్టారు అంటారు. ఆస్పత్రుల నుంచీ హోటళ్ళ నుంచీ మాసిన దుప్పట్లు తెచ్చి, ఉతికినవాటిని తిరిగి చేర్చే పది వ్యాన్లు రోజూ ఏ దారిన వెళ్ళాలో ఇరవై రెండేళ్ళుగా ఆయనే చీటీలు రాసి ఇస్తున్నాడు. ఏ ఆస్పత్రిలో లిఫ్టు పనిచేయదో, ఏ హోటల్ మేనేజరు పదింటిదాకా నిద్ర లేవడో ఆయనకు కంఠతా వచ్చు. తెలివైనవాళ్ళంటే ఆయనకు గౌరవమే. తెలివి ఉన్నట్టు నటించేవాళ్ళంటేనే ఒళ్ళు మంట.

అలాంటివాడొకడు పోయిన నెల ఊడిపడ్డాడు. యజమాని ఏదో సదస్సుకు వెళ్ళి, సుష్టుగా భోంచేసి, వెంట ఒక సలహాదారుణ్ణి తెచ్చుకున్నాడు. ఇకమీదట వ్యాపారాలన్నీ క్వాంటం కంప్యూటర్ల మీదే నడుస్తాయట. కోటానుకోట్ల దారుల్ని ఒక్కసారే చూసి, మంచిదాన్ని ఏరి చేతిలో పెడతాయట. అది కుదిరితే మాస్టారి అవసరం ఉండదని యజమాని మొహం మీదే చెప్పాడు. రిటైరవడానికి ఇంకా ఆరేళ్ళుంది. ఈ వయసులో చీటీలు రాసే ఉద్యోగం ఇంకెవడిస్తాడు?

మేనకోడలు కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. వెళ్ళి ఆమెను అడిగాడు.

"ఇదంతా ఉత్త బూటకమేనా అమ్మా?"

"బూటకమేం కాదు మావయ్యా. కొత్త మందులు, బ్యాటరీలు కనిపెట్టడానికి ముందు ముందు బాగా పనికొస్తాయంటున్నారు. కానీ ఇప్పుడున్నవి ఇంకా తప్పులు చేస్తూనే ఉన్నాయి. మీ పది వ్యాన్లకి మామూలు కంప్యూటరే ఎక్కువ."

"మరి వీడు?"

"వాడి సంగతి నాకేం తెలుసు? ముందు వాడిచ్చే ప్లాను చూడు."

ప్లాను రానే వచ్చింది. మీటింగు గదిలో సలహాదారు తెర మీద రంగురంగుల గీతలు చూపిస్తూ, గడ్డకట్టే చలిలో ఉంచాల్సిన ఆ యంత్రం గురించి అరగంట ఊదరగొట్టాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా యజమాని తల ఊపుతూనే ఉన్నాడు. మాస్టారు గీతల జోలికి పోలేదు, కింద రాసిన పేర్లు చదివాడు. ఆరో వ్యాను మంగళ, గురు, శనివారాల్లో పెద్దాస్పత్రికి వెళ్ళేముందు ఒక సందులోకి తిరిగి, చివర రెండు నిమిషాలు ఆగుతుంది. ఆ సందులో కంపెనీకి ఒక్క ఖాతాదారు కూడా లేడు. ఉన్నది మాస్టారి అక్క. ఆవిడ వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వెళ్ళాలి. ఎలాగూ అటే వెళ్ళే వ్యాను కదా అని మూడేళ్ళుగా ఆయనే గుట్టుగా ఎక్కించి పంపుతున్నాడు.

అంటే ఈ మహానుభావుడు చేసిందల్లా పాత చీటీలు పట్టుకెళ్ళి టైపు కొట్టించడం. కాపీ కొట్టేవాడు ఏం కొడుతున్నాడో ఒకసారి చదువుకోవాలి కదా. ఆపాటి బుర్ర కూడా లేదు.

నోరు విప్పితే తన తప్పు బయటపడుతుంది. విప్పకపోతే ఉద్యోగం పోతుంది. మాస్టారు లేచి నిలబడ్డాడు.

"సార్, ఇది నేను రాసిన ప్లానే. ఆ సందులో మనకి పనేం లేదు. మా అక్కని ఎక్కించుకోడానికి నేనే రాశాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. కానీ మా అక్క సంగతి ఆ మెషీనుకెలా తెలిసింది?"

సలహాదారు రెప్పయినా వేయలేదు. "క్వాంటం అంటే అదే సార్. కారణం మనిషికి కనిపించదు. అన్ని దారులూ చూసి, అక్కడ ఆగడమే లాభమని తేల్చింది."

యజమాని మొహం వెలిగిపోయింది.

"చూశారా మాస్టారూ? మీరేమో అక్క కోసం రాశాననుకుంటున్నారు. అందులో మీకే తెలియని లెక్కేదో ఉందన్నమాట! మీ తప్పేం లేదు, వదిలేయండి. ఈ నెలాఖరు దాకా రండి, చాలు."

ఇన్నేళ్ళూ ఈ మనిషికా తాను రోజూ నమస్కారం పెట్టింది! మాస్టారికి ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. మెట్లు దిగాడు.

షెడ్డులో ఆరో వ్యాను డ్రైవరు ఎదురొచ్చాడు. కబురు అప్పటికే కిందికి పాకింది.

"మాస్టారూ, మరి అక్కగారి సంగతేంటి? రేపు ఎక్కించుకోమంటారా, వద్దా?"

"ఎక్కించుకో. మెషీను చెప్పింది కదా," అన్నాడు మాస్టారు. "ఇన్నాళ్ళూ పాపం వెనకాల మూటల మధ్య దాక్కుని వెళ్ళింది. రేపట్నించి ముందు సీట్లో కూర్చోబెట్టు."