అద్దాలు దాచి విన్న ఆఖరి ప్లేటు

నా కళ్లూ చెవులూ ఒకే రోజు సెలవు పెట్టేశాయి. అదీ ఎక్కడ? సాలూరులో, పెళ్లిచూపుల్లో, పిల్ల తండ్రి ఎదురుగా. ఆ రోజు నేను వెలగబెట్టిన నిర్వాకం వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు, ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. ఆ రోజు మాత్రం కూర్చున్న చాప పైకెత్తి దాని కింద దూరిపోదామా అనిపించింది.

అరవైల చివరి రోజులు. నెల్లిమర్ల జూటు మిల్లులో కొత్తగా గుమాస్తాగా చేరాను. మిల్లు కూత కూసిందంటే మా కాళ్లు ఇంటికి కాదు, తిన్నగా కనకయ్య టీకొట్టుకి నడిచేవి. అక్కడ టీ కన్నా గొప్ప వస్తువు ఒకటుండేది. గ్రామఫోను. కీ తిప్పితే పాడే పాతకాలపు పెట్టె. దాని పక్కన ఒకే ఒక్క బుర్రకథ ప్లేట్ల సెట్టు.

బుర్రకథ దళంలో ఎంతమందుంటారో మీకు తెలుసు కదా. మధ్యలో తంబుర పట్టుకుని కథకుడు, అటొకడూ ఇటొకడూ డక్కీలు వాయిస్తూ వంతలు. ఆ ఇద్దరిలో ఒకడి పని నవ్వించడం. మా సెట్టులో నవ్వించే వంత పేరు అప్పలనాయుడు. ఆయన నోరు విప్పితే చాలు, కనకయ్య టీ వడకట్టడం మానేసి పొట్ట పట్టుకునేవాడు. కథ ఒక కొండకోట దొరది. పాపం ఆయన గుర్రం తప్పిపోతుంది. దొర దాన్ని వెతుక్కుంటూ అడవికి బయల్దేరడంతో మా కథ ముగిసిపోయేది. ఎందుకంటే సెట్టు కొని తెచ్చిన రోజే, ఆఖరి ప్లేటు ఇంకా పెట్టకముందే, కనకయ్య చూసుకోకుండా దాని మీద కూర్చున్నాడు. ప్లేటు ముక్కలైంది. ఆ గుర్రం దొరికిందో లేదో నెల్లిమర్లలో ఒక్కడికీ తెలియదు.

ఇంతలో పిడుగులాంటి వార్త. అప్పలనాయుడు దళం వదిలేశాడట. సాలూరులో ఒక లారీ కొనుక్కుని బస్తాలు తోలుకుంటున్నాడట. ఆయన స్థానంలో దాలయ్య అనే కుర్రాడు చేరాడు. కొత్త దళం కొత్త సెట్టు ఇచ్చింది, అదే దొర రెండో కథ. మా మిల్లు ఫిట్టరు పైడిరాజు దాన్ని విజయనగరంలో ఎవరింట్లోనో విని వచ్చి, కొత్తోడు బాగానే ఉన్నాడని అన్నాడు. అనడమే తప్పయింది. ఆ సాయంత్రం నుంచి టీకొట్టు రెండుగా చీలిపోయింది. పాతవాళ్ల బెంచీ ఒకటి, కొత్తవాళ్ల బెంచీ ఒకటి. పాత బెంచీకి నాయకుణ్ణి నేనే.

దాలయ్యకి నవ్వించడం రాదన్నాను. డక్కీ మీద దెబ్బ పడాల్సిన చోట పడటం లేదన్నాను. అప్పలనాయుడు లేని దళం ఉప్పు లేని పులుసన్నాను. ఒకరోజు పైడిరాజు నెమ్మదిగా అడిగాడు.

"ఒరే సూరీ, నువ్వు ఆ కొత్త ప్లేట్లు ఎక్కడ ఇన్నావురా?"

వినలేదు. ఒక్క ముక్క కూడా వినలేదు. కానీ వినకుండా అభిప్రాయం చెప్పడంలో ఉన్న హాయి వినేసి చెప్పడంలో ఉంటుందా, మీరే చెప్పండి.

ఇక అసలు సంగతికి వస్తాను. నెల్లిమర్ల సంతలో ఒక పిల్లని చూశాను. వంకాయలమ్మే మనిషి తట్టలో వేసిన పుచ్చు వంకాయల్ని ఒక్కొక్కటే తీసి, కోపం లేకుండా, నవ్వుతూ, వెనక్కి ఇచ్చేస్తోంది. ఆ మనిషి కూడా నవ్వుతూ మంచివి వేస్తోంది. నేను అక్కడే నిలబడిపోయాను. మా అమ్మ తెమ్మన్న చింతపండు సంగతి మరిచిపోయి ఇంటికి వంకాయలు పట్టుకెళ్లాను. ఆరా తీస్తే పిల్ల పేరు వరాలు, పిన్నిగారింటికి వచ్చింది, ఊరు సాలూరు, తండ్రి అప్పలనాయుడు. ఏ అప్పలనాయుడు? లారీ అప్పలనాయుడు. మా అప్పలనాయుడు!

నా ఆనందం ఏమని చెప్పను. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలని, లేకపోతే మిల్లులో గోనెసంచుల మధ్య ముసలివాణ్ణయిపోవాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. అంతకు ముందు వచ్చిన సంబంధాలన్నీ ఆ తండ్రే తిప్పి పంపేశాడని తెలిసినా నాకు బెదురు కలగలేదు. వాళ్లెవరికీ బుర్రకథ తెలిసి ఉండదు. నేనలా కాదు కదా. దళం వదిలిన మనిషికి తన తరవాత వచ్చినవాణ్ణి ఎవరైనా తిడితే ఎంత చల్లగా ఉంటుంది! నా తిట్లు నెల్లిమర్లలో బాగా సానపట్టి ఉన్నాయి. సాలూరు తీసుకెళ్లి ఆయన ముందు గుమ్మరిస్తే చాలు.

అమ్మా, మావయ్యా, నేనూ బస్సెక్కాం. సాలూరులో దిగగానే మావయ్య నా ముక్కు మీదకి చెయ్యి పోనిచ్చి కళ్లద్దాలు లాగేసుకున్నాడు.

"పెళ్లిసూపులకి అద్దాలెట్టుకుని ఎల్తే పిల్లోడికి సూపు లేదంతారు. నా జేబులో ఉంతాయి, ఊరుకో."

నాకు అద్దాలు లేకపోతే ఎదుటి మనిషికి ముక్కూ మూతీ ఉన్నాయని నమ్మకం మీద అనుకోవడమే. ఆ వీధి పొడుగునా నిలబడ్డ లారీల్లో ఒకదాన్ని ఇల్లనుకుని నమస్కారం పెట్టబోయాను. మావయ్య చెయ్యి పట్టుకుని నడిపించాడు.

అప్పలనాయుడుగారు పొడుగ్గా, నల్లగా, మసగ్గా ఉన్నారు. ఆ మసకలోనే ఆయన ఒక్కసారి కూడా నవ్వలేదని తెలిసింది. దేశాన్ని నవ్వించిన మనిషి ఇంట్లో ఇంత గంభీరంగా ఉంటాడని నేననుకోలేదు. పిల్ల వచ్చి కాఫీ గ్లాసులు పెట్టి వెళ్లింది. ఎర్రచీర కట్టుకుందని మాత్రం తెలిసింది. ఆయన మిల్లులో ఏం చేస్తావని అడిగారు. చెప్పాను. మావయ్య దగ్గాడు. అమ్మ చీర కొంగు సర్దుకుంది. సంబంధం చేయి జారుతున్నట్టనిపించి, నేను దాచుకున్న బాణం తీశాను. నెల్లిమర్లలో కొత్త దళం గురించి నా అభిప్రాయమే అభిప్రాయమని, ఇంట్లో గ్రామఫోను ఉంటే, కొత్త సెట్టు తెప్పిస్తే, ఆ దాలయ్య ఎక్కడెక్కడ తప్పాడో ఇక్కడే విప్పి చూపిస్తానని అన్నాను.

ఆయన లోపలికి చూసి, "అమ్మా, పెట్టె తే" అన్నారు.

వరాలు గ్రామఫోను తెచ్చి పెట్టింది. మళ్లీ వెళ్లి ఒక ప్లేటు తెచ్చి నా చేతికిచ్చింది. గోధుమరంగు కాగితం తొడుగు. మధ్యలో చీటీ మీద ఏదో రాసుంది. నాకు అదొక ఎర్ర చుక్క, అంతే. చదివినట్టు తల ఊపి, కీ తిప్పి, పిన్ను పెట్టాను.

కథ వచ్చింది. దొర అడవిలో తిరుగుతున్నాడు. గుర్రం కోసమే. రెండో కథలో కూడా ఇంకా గుర్రాన్నే వెతుకుతున్నాడా అనుకున్నాను. వంత గొంతు లేచింది. బొంగురుగా, జలుబు చేసిన దున్నపోతులా ఉంది. నవ్వించబోయిన ప్రతిసారీ మాట సగంలో తడబడి, కథకుడే దాన్ని మోసుకుపోవాల్సి వచ్చింది. నాకు లోపల పండగే. నేను వినకుండా అన్నదంతా నిజమేనన్నమాట!

చివరికి గుర్రం దొరికింది, ప్లేటు ఆగింది. నేను మొదలుపెట్టాను. ఇది గొంతా, తుప్పుపట్టిన గొళ్లెమా అన్నాను. వంతకి ఊపిరి అందడం లేదు, ముందు డాక్టరుకి చూపించాలన్నాను. ఇలాంటివాణ్ణి దళంలో ఎందుకుంచుకున్నారో ఆ కథకుడికే తెలియాలన్నాను. మావయ్యకి బుర్రకథ గురించి ఏమీ తెలియదు, అయినా ప్రతి మాటకీ అవునవునని తలూపాడు. లోపలి గుమ్మం దగ్గర ఎర్రచీర చిన్నగా కదిలింది. నవ్వు ఆపుకుంటోందని అప్పుడు తెలియలేదు, మెచ్చుకుంటోందనుకున్నాను.

"ఇంకా?" అన్నారు అప్పలనాయుడుగారు.

"ఇంకేటుందండీ. తమరున్నప్పటి దళం ఎక్కడ, ఇదెక్కడ. తమరైతే ఇదే మాటకి జనం పడీపడీ నవ్వేవోళ్లు. ఈడికి డక్కీ ఇవ్వడం కన్నా చీపురిచ్చి తుడవమంటే మేలు."

ఆయన ప్లేటు తీసి నా చేతిలో పెట్టారు.

"దాని మీద ఏటి రాసుందో ఓపాలి సదువు బాబూ."

కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాను. ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను. చివరికి ముక్కుకి తగిలింది. దాని వాసన తప్ప ఇంకేమీ తెలియలేదు. ఇక లాభం లేదని మావయ్య జేబులోంచి అద్దాలు తీసి నాకిచ్చాడు. పెట్టుకుని చదివాను.

పాత సెట్టు. ఆఖరి ప్లేటు. కనకయ్య కూర్చుని విరగ్గొట్టిన ప్లేటు. వంత: అప్పలనాయుడు.

అద్దాలు పెట్టుకున్నాక ఆయన ముఖం కూడా స్పష్టంగా కనబడింది. అంత స్పష్టంగా కనబడకుండా ఉంటేనే బాగుండేది. అమ్మ లేచి నిలబడి చేతిసంచి సర్దుకోసాగింది. వంకాయల దగ్గర మొదలైన నా కాపురం కాఫీ గ్లాసుల దగ్గరే ముగిసిపోయింది. తమరిని పొగుడుదామనే వచ్చానండీ అని మాత్రం అనగలిగాను. నిజంగా ఏడుపొచ్చింది.

"కూకోమ్మా," అన్నారాయన మా అమ్మతో. తరవాత నావైపు తిరిగారు. "పొగడ్డానికొచ్చినోళ్లని సానామందిని సూసినాను. ఆ ప్లేటు సేసిన దినం నాకు జొరం. గొంతు రాలేదు. రేపు సేద్దామంటే ఇన్నోడు లేడు. ఆ ఒక్క ప్లేటు గురించే సిగ్గయి దళం ఒగ్గీసినాను. ఇంటికొచ్చిన పెళ్లికొడుకులందరికీ అదే ఎట్టి ఇనిపించినాను. ఆహా అన్నోళ్లే గాని బాగులేదన్నోడు ఒక్కడు లేడు."

నేను నోరు తెరిచాను. నిజానికి అది అంత బాగులేకపోలేదండీ, మధ్యలో ఒకచోట బాగానే ఉందండీ అనబోయాను.

"మళ్లీ మొదలెట్టకు," అన్నారాయన. "మరి అద్దాలెందుకు దాసినావు?"

"అమ్మాయి ఒద్దంతాదేమోనని."

గుమ్మం వెనకనుంచి గొంతు వినబడింది. "సంతలో వంకాయల కాడ నిలబడి సూసినప్పుడు అద్దాలెట్టుకునే ఉన్నారు గదా. అప్పుడే సూసీసినాను."

అప్పలనాయుడుగారు నవ్వారు. ప్లేట్లలో ఉన్న అదే నవ్వు. దాన్ని గుర్తుపట్టడానికి నాకు అద్దాలు అక్కర్లేదు. "ప్లేటు గురించి నిజం సెప్పినావు, కళ్ల గురించి అబద్ధం సెప్పినావు. ఒకదానికొకటి సరిపోయినాది," అని మావయ్యతో తాంబూలాల మాట ఎత్తారు. నా నెత్తి మీంచి పెద్ద బస్తా దించినట్టయింది. అప్పటికి చల్లారిపోయిన కాఫీని అమృతంలా తాగాను.

పెళ్లయ్యాక మావగారు నెల్లిమర్ల వచ్చినప్పుడు కనకయ్య కొత్త సెట్టు పెట్టాడు. అప్పటికి అదీ కొన్నాడు. దాలయ్య మొదటి మాటకే మావగారు కళ్ల నీళ్లొచ్చేలా నవ్వారు. బెంచీ మీద అరచేత్తో తాళం కూడా వేశారు. "కుర్రోడు మంచోడ్రా, బాగున్నాడు," అన్నారు. పాత బెంచీ మీద కూర్చున్న నేను, పైడిరాజు నావైపే చూస్తుంటే, టీ గ్లాసులోకి తొంగి చూస్తూ గడిపేశాను. నిజం చెప్పాలంటే దాలయ్య చాలా బాగున్నాడు. గుర్రం సంగతి కూడా పైడిరాజుకి నేనే చెప్పాను, మొదటి కథలోనే దొరికిపోయిందని.

ఒక అనుమానం మాత్రం నన్ను తినేస్తూ ఉండేది. ఒకరోజు వరాలుని అడిగేశాను, నేను కొత్త సెట్టు కదా తెమ్మన్నాను, పాతది ఎందుకిచ్చావని.

"మా నాన్న ఇంట్లో కొత్త సెట్టెక్కడుంతాది? లేదని సెప్తే మీ మొహం సిన్నబోద్దని, ఉన్నదే అట్టుకొచ్చినాను."

"మరి నేను తిడుతుంటే ఆపొచ్చు గదా."

"ఎంత దూరం ఎల్తారో సూద్దామని ఊరుకున్నాను."

ఆ మర్నాడే తలస్నానం చేసి, తూర్పు వైపు తిరిగి, అద్దాలు తుడిచి పెట్టుకుని, చేయి చాచి ప్రమాణం చేశాను. పేరు చదవకుండా ఏ ప్లేటునీ తిట్టను, వినకుండా ఏ మనిషినీ తూలనాడను, అద్దాలు జేబులో పెట్టి అభిప్రాయం నోట్లో పెట్టుకోను. ఈనాటి వరకూ ఆ మాట తప్పలేదు. వరాలు వంకాయ కూర ఎలా ఉందని అడిగినా సరే, ముందు అద్దాలు పెట్టుకుని, ఆమె ముఖం బాగా చూసి, అప్పుడే జవాబు చెబుతాను.